వంగని మోకాళ్లకు పసుపు బెల్టు

మొన్న నల్లగొండలో ఐదేళ్ల పిల్లవాడు నల్ల బెల్టు కట్టుకుని పిడికిలి చూపిస్తున్న ఫ్లెక్సీ కనబడితే నాకు ఒళ్లు మండిపోయింది. నా ఈడు వాళ్లకైనా ఈ మంట అర్థమవుతుందని చెబుతున్నాను, ఎందుకంటే ఒక్క పసుపు బెల్టు కోసం నేను ఏడాదిన్నర చెమటోడ్చిన దాన్ని.

రాష్ట్రం వచ్చిన కొత్తలో, మా సొంత మండలం మర్రిగూడలోనే ఒక బడిలో వ్యాయామ టీచరుగా ఉండేదాన్ని. ఆడపిల్లలకు కరాటే నేర్పడానికి నా కొడుకు వయసు మాస్టరు ఒకడు వచ్చేవాడు. నలభై ఐదు దాటిన నేను కూడా తెల్ల బెల్టు కట్టుకుని పిల్లలతో పాటు వరుసలో నిలబడ్డాను. అక్కడ వయసుకు విలువ లేదు, బెల్టు రంగును బట్టే చోటు. నేను హాజరు పిలిచే పిల్లలే పసుపు, నారింజ, ఆకుపచ్చ అంటూ ముందుకు జరిగిపోతుంటే, నేనూ తొమ్మిదో తరగతి పిల్ల ఒకతీ తెల్ల బెల్టులతో వెనకే మిగిలాం. మా ఇద్దరివీ ఫ్లోరైడు నీళ్లు తాగి బిగుసుకుపోయిన మోకాళ్లు. ముందుకాలు బాగా వంచి నిలబడమంటే సగంలోనే ఆగిపోయేవి. మాస్టరు బెత్తంతో మోకాలి మీద తట్టి, మూడు పరీక్షల్లోనూ ఇద్దరినీ ఫెయిల్ చేశాడు. వాడి మొహం చూస్తేనే నాకు అసహ్యం వేసేది. అయినా బడి వదిలాక ఆ పిల్లా నేనూ గోడ పట్టుకుని వంగడం సాధన చేసేవాళ్లం, ఇద్దరం ఒకే రోజు పసుపు కట్టుకోవాలని దాని పంతం.

నాలుగో పరీక్షకు ముందు హెడ్మాస్టరు వాడిని పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. నా వంతు రాగానే మాస్టరు, మోకాలు వంచమని కూడా అడగకుండా, అందరి ముందూ నా నడుముకు పసుపు బెల్టు కట్టాడు. అది సిఫారసని నాకు తెలుసు. తెలిసే కట్టించుకున్నాను, సిగ్గులేకుండా సంతోషపడ్డాను కూడా.

ఆ పిల్ల మళ్లీ ఫెయిలయింది. బెదరకుండా ముందుకొచ్చి, "టీచరమ్మకు ఇచ్చిండ్రు గద సార్, నాయి గూడ గసొంటి మోకాళ్లే," అంది.

"ఆమెతోని నీకేంది పంచాయితి? మంచిగ వంగు, గప్పుడు సూద్దాం," అన్నాడు వాడు.

అది నా వైపు చూసింది. నేను బెల్టు ముడి సర్దుకుంటూ నిలబడ్డాను. మర్నాటి నుంచి ఆ పిల్ల కరాటేకు రాలేదు. బడిలో ఎదురైతే మాత్రం నమస్తే పెట్టి తల దించుకుని వెళ్లిపోయేది, ఆ నమస్తే నన్ను మరీ కాల్చేది.

ఆ మాస్టరును నేను ఇప్పటికీ క్షమించలేదు, హెడ్మాస్టరును కూడా, నన్నైతే అసలే లేదు. ఇప్పుడు మా మండలానికి నల్లాల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి, అక్కడి పిల్లలు హాయిగా వంగుతున్నారు, గెంతుతున్నారు, చూస్తే కడుపు నిండుతుంది. ఈ నీళ్లేవో మా కాలంలోనే వచ్చి ఉంటేనా అని కాసేపు నెపమంతా నీళ్ల మీదికి నెట్టేస్తాను. కానీ ఆ రోజు ఆ బెల్టు విప్పి వాడి చేతిలో పెట్టడానికి మోకాళ్లు వంగనక్కర లేదు.