విప్పని తువ్వాలు

సైకాలజీలో పీజీ అయ్యాక పాడేరు జీపుల స్టాండు ఎదురుగా మేడమీద గది తీసుకుని కౌన్సెలింగ్ మొదలుపెట్టాను. రెండు కుర్చీలు, గోడ గడియారం, మంచినీళ్ల జగ్గు, బయట 'మానసిక చికిత్స' అని పెద్ద బోర్డు. అన్నీ ఉన్నాయి, వచ్చేవాళ్లే లేరు.

ఒక సంత రోజు పక్కవీధి బట్టల కొట్టాయన భార్యతో కలిసి నా మెట్లెక్కుతున్నారు. కొడుకు పోయినప్పటి నుంచి ఆయన సరిగా తినడం లేదనీ, తనూ పోతానంటున్నారనీ ఆమె ముందురోజే ఫోనులో చెప్పింది. కింద నుంచి ఓ జీపు డ్రైవరు నవ్వుతూ, "ఏటి షావుకారూ, పిచ్చి డాక్టరు కాడికెల్తన్నావేటి?" అన్నాడు. ఆయన తల దించుకుని వెనక్కి దిగి వెళ్లిపోయారు.

నేను వెంటనే గదికి తాళం వేసి వాళ్ల కొట్టుకు వెళ్లి, "తువ్వాలు చూపించండి" అన్నాను. ఆయన ఒకటి తీసి, మడత విప్పకుండా అలాగే పట్టుకున్నారు.

"మా గుంటడు మడతెట్టింది బాబూ. ఇప్పడానికి సెయ్యి రావట్నేదు" అంటూ ఏడ్చేశారు.

ఆయన భార్య షట్టరు సగం దించింది. నేను అక్కడే బల్ల మీద కూర్చుని ఆయన చెప్పిందంతా విన్నాను.

మర్నాడే బోర్డు తీయించేసి, వారం వారం ఆ కొట్టుకే వెళ్లాను. కొన్ని నెలలకు ఆయన ఆ తువ్వాలు తనే విప్పి భుజాన వేసుకున్నారు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. నా మొదటి క్లయింటు నా గదిలోకి ఇప్పటికీ రాలేదు.