గంతల సందులోంచి

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాను. మోయగా మోయగా అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు. మొన్న అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో నా బావమరిది వాళ్ల ఇంటికి వెళ్లాం. వాడు తన స్నేహితులకి నన్ను పరిచయం చేస్తూ, "మా బావ మామూలోడు కాదు, మబ్బుల్లో ఏమీ కనపడకపోయినా ప్లేన్ నడుపుతాడు" అన్నాడు. గర్వంగానే అన్నాడు. చేతిలో ప్లేటు పెట్టుకుని వెనక డెక్ మీదికి వెళ్లిపోయాను.

వాడికి చెప్పే ధైర్యం లేదు. నా భార్యకి చెప్పే ధైర్యం అసలే లేదు, వాడి సొంత అక్క ఆమె. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ మాత్రం చాటు లేకపోతే ఇదీ రాయను, అలాంటి మనిషిని.

అప్పుడు అందరం న్యూజెర్సీలో ఉండేవాళ్లం. వారమంతా ఆఫీసు. శనివారం పొద్దున్నే నేనూ వాడూ పిస్కాటవే నుంచి అరగంట దూరంలో ఉన్న చిన్న ఎయిర్‌పోర్టుకి వెళ్లేవాళ్లం. ఇద్దరికీ ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది. ముందు నేను నేర్చుకున్నాను, నన్ను చూసి వాడు మొదలుపెట్టాడు. ఆ లైసెన్స్‌తో ఆకాశం తేటగా ఉన్నప్పుడే ఎగరాలి. మబ్బులోకి వెళ్లాలంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అని ఇంకొకటి సంపాదించాలి. మబ్బులో బయట ఏమీ కనపడదు. పైగా మన ఒళ్లే మనకి అబద్ధం చెబుతుంది, విమానం తిన్నగా పోతున్నా ఒక పక్కకి ఒరిగిపోతున్నట్టే ఉంటుంది. ఒంటి మాట వినకుండా ఎదురుగా ఉన్న మీటర్లనే నమ్మడం అలవాటు చేసుకోవాలి. దానికోసం నేర్చుకునేవాడు అంచు బాగా ముందుకొచ్చిన ప్లాస్టిక్ టోపీ పెట్టుకుంటాడు. గుర్రానికి కట్టే గంతల్లాంటిదే. మీటర్లు తప్ప కిటికీ కనపడదు. పక్క సీట్లో ఇంకో పైలట్ కూర్చుని, వేరే విమానాలేమైనా వస్తున్నాయేమోనని బయటికి చూస్తూ ఉంటాడు. కొన్ని గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగరాలి, మిగతావి ఇలా స్నేహితులు ఒకరికొకరు కాపలా కూర్చుని పూర్తి చేసుకోవచ్చు. నాకు వాడు కాపలా, వాడికి నేను.

ఆ టోపీలో ఒక సందు ఉంది. మెడ గోక్కుంటున్నట్టు గడ్డం కాస్త పైకెత్తితే అంచు కింద నుంచి బయట కనిపిస్తుంది. హైవే, చెట్లు, దిగేటప్పుడైతే ఎదురుగా రన్‌వే. ఒక్క క్షణం చూస్తే చాలు, విమానం ఎక్కడుందో తెలిసిపోతుంది. మొదటిసారి అనుకోకుండా కనపడింది. రెండోసారి? రెండోసారి నేనే చూశాను. ఆ తర్వాత ప్రతి శనివారమూ చూశాను. వాడు ఎలా పట్టుకుంటాడు? వాడి పని బయటికి చూడటం. నా ప్రాణానికి ఏమీ కాకూడదని వాడు ఆకాశమంతా గాలిస్తుంటే, పక్కనే కూర్చుని నేను వాడి కళ్లుగప్పాను.

ఎందుకు చేశాను? బావమరిది అన్నాక బావని ఆటపట్టిస్తాడు. "జీపీఎస్ పెట్టుకుని కూడా ఎగ్జిట్ మిస్సవుతావు, మబ్బులో ఎలా పోతావు బావా" అని పదిమందిలో అనేవాడు. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. లోపల ఒళ్లు మండేది. కానీ అసలు సంగతి అది కాదు. నా తర్వాత మొదలుపెట్టినవాడు నన్ను దాటిపోతున్నాడు. విమానం వాడి చేతిలో ఉన్నప్పుడు ఎంత మెత్తగా పోయేదో పక్కన కూర్చున్న నాకే తెలుసు. ఓర్వలేకపోయాను. ఈ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

వాడు ఒక్క చోట ఆగిపోయేవాడు. మబ్బులోంచి రన్‌వేకి దిగేటప్పుడు ఒక మీటరులో రెండు ముళ్లుంటాయి, రెండూ మధ్యలో నిలబడాలి. రన్‌వే దగ్గర పడేకొద్దీ అవి చిన్నదానికీ ఊగిపోతాయి. వాడు కంగారుపడి వాటి వెంట పడేవాడు, అవి ఇంకా ఊగేవి. నాకూ అంతే అయ్యేది, ఇన్‌స్ట్రక్టర్ నన్నే చూస్తూ కూర్చునే రోజుల్లో. వాడు చూసింది శనివారాల్లో నన్ను. శనివారాల్లో నా ముళ్లు కదిలేవి కావు.

వాడికిది సరదా కాదు, మీకు ముందే చెప్పాల్సింది. గ్రీన్ కార్డ్ చేతికొచ్చింది, ఇక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఎయిర్‌లైన్ పైలట్ అవుతానన్నాడు. ఇంట్లో గోలగోల. పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడంటే పిల్లనెవరిస్తారని మా అత్తగారు ఫోన్లో ఏడుపు. నువ్వు చెబితే వింటాడని నా భార్య నా వెంట పడింది.

ఒక శనివారం, విమానం కిందికి దింపి, ఇంజన్ ఆపాక కూడా వాడు సీట్లోంచి లేవలేదు.

"బావా, నిజం చెప్పు. నువ్వేం చేస్తున్నావు? లాస్ట్‌లో నా నీడిల్స్ పిచ్చెక్కినట్టు తిరుగుతాయి, నీవి కదలనే కదలవు."

"ఏం చెయ్యట్లేదురా."

"ఏదో ట్రిక్ ఉంటుంది. చెప్పు, ఇంకో ఇయర్ అయినా ప్రాక్టీస్ చేస్తా."

చెప్పేయొచ్చు. నవ్వుతూ, టోపీ సందులోంచి చూస్తున్నానురా అంటే అయిపోయేది. నెలరోజులు ఏడిపించి వదిలేసేవాడు.

"ట్రిక్కేం లేదు. కొంతమందికి ఒంట్లోనే ఉంటుంది, కొంతమందికి ఉండదు. జాబ్ మానేసే ముందు బాగా ఆలోచించుకో."

"అంటే నాకు రాదంటావా?"

"నీ ప్లేస్‌లో నేనుంటే జాబ్ మానను."

"సరే బావా" అన్నాడు. అంతే. దిగి విమానం రెక్కలకి తాళ్లు కట్టాడు. ఇంటికి వెళ్లేదారిలో ఓక్ ట్రీ రోడ్డు హోటల్లో ఎప్పటిలాగే దోసెలు చెప్పాం. వాడు సగం వదిలేశాడు. పై శనివారం రాలేదు. ఆపై ఎప్పుడూ రాలేదు. మీ వల్లే వాడు దారిలో పడ్డాడు బాబూ అని అత్తగారు ఫోన్ చేసి మరీ అన్నారు. నా భార్య ఆ రోజు గుత్తివంకాయ కూర చేసింది. సిగ్గు లేకుండా రెండుసార్లు వేయించుకుని తిన్నాను.

వాడి మంచికే కదా అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. వాడు అడిగిన ఆ క్షణంలో నాకు అత్తగారూ గుర్తురాలేదు, వాడి పెళ్లీ గుర్తురాలేదు. నా పరువే గుర్తొచ్చింది. రేటింగ్ నాకు వచ్చింది. పరీక్షలో కూడా సందు వాడుకున్నావా అని మీరు అడుగుతారు. పరీక్ష పెట్టేవాడు తల వంచుకుని ఏదో రాసుకుంటుండగా ఒక్కసారి వాడుకున్నాను. ఆ తర్వాత ఒంటరిగా మబ్బులోకి వెళ్లింది కూడా ఒకేసారి. చొక్కా తడిసిపోయి, ఎలా బయటపడ్డానో తెలియకుండా బయటపడ్డాను. అప్పటినుంచి ఎండ కాస్తేనే ఎగురుతాను.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఇంతవరకూ రాసింది తెలిస్తే వాడు క్షమిస్తాడేమో కూడా, వాడి మనసు అలాంటిది. కానీ ఇంకొకటుంది.

వాడు మానేసిన కొన్ని వారాలకి మా ఇన్‌స్ట్రక్టర్ పార్కింగ్ లాట్‌లో నన్ను ఆపాడు. పెద్దాయన, ఎప్పుడూ ఎవర్నీ పొగిడేవాడు కాదు. మీ బావమరిది ఫోన్ తీయడం లేదు, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. ఆ చివర్లో అందరూ ఇరుక్కుంటారు, ఇంకో నాలుగైదుసార్లు ఎగిరితే దాటేస్తాడు, మానొద్దని చెప్పు, ఇన్నేళ్లలో నేను నేర్పినవాళ్లలో అంత మంచి చెయ్యి ఒకరిద్దరికే ఉంది అన్నాడు. ఇంటి అడ్రస్ ఇస్తే తనే వచ్చి మాట్లాడతానన్నాడు. మీకెందుకు శ్రమ, నేను చెబుతాను అన్నాను. ఆయన నన్ను నమ్మి, ఆ చలికాలం ఫ్లోరిడా వెళ్లి స్థిరపడిపోయాడు.

నేను చెప్పలేదు.

వాడికిప్పుడు నలభై దగ్గర పడుతోంది. ఇద్దరు పిల్లలు, ఇంటి లోన్. ఇప్పుడు చెబితే మాత్రం ఏం చేసుకుంటాడు అనుకుంటాను. అదీ సాకే. ఏం చేసుకోవాలో తేల్చుకోవలసింది వాడు, నేను కాదు. ఇదంతా రాసేశాక నాకు కొంచెం తేలికగా ఉంది, దాచను. వాడికి మాత్రం ఒరిగిందేమీ లేదు.