“మశీన్” అన్న మాటకు పడిన పన్ను: అడాజన్ నుంచి సలాబత్‌పురాకు ఒక పార్సిల్ ప్రయాణం

గురువారం, ఫిబ్రవరి 12. ఉదయం తొమ్మిదిలోపు అయిన పనులు: ఇడ్లీ పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టాను, రెండు బకెట్ల బట్టలు ఆరేశాను, మావారికి క్యారియర్ కట్టాను, గ్యాస్ బుక్ చేశాను. మిగిలినవి రెండు: కందిపప్పు బాగుచేయడం, రాజయ్యగారి పార్సిల్. పప్పు సాయంత్రానికి వాయిదా వేసి రెండోదాని కోసం బయలుదేరాను.

రాజయ్యగారు సలాబత్‌పురాలో మగ్గాల మీద పనిచేస్తారు. సొంతూరు సిరిసిల్ల దగ్గర. ఆయన భార్య లక్ష్మి నా చీరలకు ఫాల్స్ కుడుతుంది, అలా పరిచయం. ఏళ్ల తరబడి మగ్గాల చప్పుడులో ఉండి ఆయనకు వినికిడి బాగా తగ్గింది. ఇక ఆ చప్పుడుకు దూరంగా ఉండాలని డాక్టరు చెప్పారు. ఆయన సేటు మంచివాడే. సోమవారం నుంచి తన బట్టల గోడౌన్‌లో పని ఇస్తానన్నాడు. కాకపోతే అక్కడ తాకాల, అంటే బట్ట చుట్టల నంబర్లు, లెక్కలు ఫోన్‌లో విని రాసుకోవాలి. అవన్నీ హిందీలోనే. ఏడుకు సాత్, అరవైకి సాఠ్, ఎనిమిదికి ఆఠ్: మూడూ రాజయ్యగారికి ఒకేలా వినిపిస్తాయి. సోమవారానికి చెవి మిషన్ లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

డాక్టరు చెప్పిన రకం ఇక్కడ దుకాణంలో చాలా ఖరీదు. విదేశీ ఆన్‌లైన్ సైట్‌లో సగం ధరకే దొరికింది. నా కార్డుతో, ఆయన పేరున, ఆయన ఫోన్ నంబరుతో ఆర్డర్ పెట్టాను. ఆ డబ్బు ఆయన ముందే ఇచ్చేశారు. బిల్లులో పన్ను దగ్గర సున్నా ఉంది. పన్ను లేదనే అనుకున్నాం. ఆ సున్నాకు అర్థం, అమ్మిన దేశం వాళ్లు తమ అమ్మకపు పన్ను వేయలేదని మాత్రమే. సరుకు మన దేశంలో దిగినప్పుడు కస్టమ్స్ సుంకం, జీఎస్‌టీ వేరుగా లెక్కకడతారు. బుధవారం కొరియర్ వాళ్ల మెసేజ్ వచ్చాకే ఇది తెలిసింది. కట్టవలసింది ఆరు వేల ఎనిమిది వందల డెబ్బై రూపాయలు. రాజయ్యగారి గది అద్దె కూడా అంత లేదు.

మేముండే అడాజన్ నుంచి స్టేషన్‌కు సిటీ బస్సులో ఇరవై రూపాయలు. తాపీ వంతెన దాటేదాకా బాగానే నడిచింది, చౌక్ దగ్గర ఆగిపోయింది. తొందర ఉన్నవాళ్లు పదిన్నర దాటాక బయలుదేరితే మంచిది. స్టేషన్ బయట షేర్ ఆటో ఎక్కి సలాబత్‌పురా అన్నాను. “చీరలకా బెన్? మా బావమరిది దుకాణం ఉంది,” అన్నాడు డ్రైవరు. చీరలకు కాదు, ఖాతాకు అన్నాను. ఇక్కడ మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఎవరైనా “మా ఖాతా బంద్” అంటే బ్యాంకు సంగతి అనుకుని మావారిని కనుక్కోమనేదాన్ని. డ్రైవరు అద్దంలోంచి నన్నోసారి చూసి, “ఖాతాలో మీకేం పని?” అన్నాడు. పార్సిల్ సంగతి చెప్పాను. ఇరవై అడిగేవాడు పదిహేనే తీసుకున్నాడు.

ఖాతా గుమ్మంలో నిలబడితే లోపలి మనిషి మాట ఎవరికీ వినబడదు. చేతులు ఊపి రాజయ్యగారిని పిలిచాను. ఆయన పూట సెలవు అడిగి, చొక్కా మీది దూది దులుపుకుంటూ వచ్చారు. లక్ష్మి కూడా సందు చివరకు వచ్చింది.

“ఏమైనా ఫోన్ వచ్చిందా కొరియర్ వాళ్ల దగ్గర్నుంచి?” అని గట్టిగా అడిగాను.

“వచ్చిందమ్మా, మొన్న. ఆడమనిషి ఏందో అడిగింది. చెప్పిన.”

“ఏం చెప్పారు?”

“ఏమో గుర్తు లేదు. ఏం అడిగిందో తెలిస్తె గద.”

“గిట్లనే అన్నిటికి తలూపుతడక్కా,” అంది లక్ష్మి. “మొన్న కూరగాయలాయన మూడు కిలోలు ఎయ్యాల్నా అంటె అట్లనే ఊపిండు. మూడు కిలోల వంకాయలు మోసుకొచ్చిండు.”

కొరియర్ ఆఫీసు రింగ్ రోడ్డు అవతల ఉంది, రాజయ్యగారూ నేనూ వెళ్లాం. అక్కడికి ఆటో ఎనభై. ఆన్‌లైన్‌లోనే అన్నీ చేసుకోవచ్చంటారు గానీ నేను బుధవారం రాత్రి రెండుసార్లు రాసిన ఫిర్యాదుకు ఒకే జవాబు రెండుసార్లు వచ్చింది. అందుకే మనిషిని చూసి మాట్లాడదామని వచ్చాను. కౌంటరు గాజు వెనక ఒక గుజరాతీ అమ్మాయి కూర్చుని ఉంది. ఆధార్ చూసి, కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. సరుకు వివరం అన్నచోట “మెషిన్” అని ఒకటే మాట ఉంది.

“ఇది ఎవరు రాశారు?”

“బిల్లులో మోడల్ నంబరు తప్ప ఏమీ లేదు ఆంటీ. అందుకే ఫోన్ చేసి అడిగాం. కాకా చెప్పిందే రాశాం.” గాజు మీద వేలితో తట్టి రాజయ్యగారిని అడిగింది: “కాకా, పార్సిల్‌మా శూ ఛే?” పార్సిల్లో ఏముందని.

రాజయ్యగారు నా వైపు చూశారు, ఆ అమ్మాయి వైపు చూశారు. తర్వాత ఖాతాలో అరిచినంత గట్టిగా, “మశీన్!” అన్నారు.

వెనక బెంచీ మీద ఉన్నవాళ్లు నవ్వారు. “చూశారా,” అంది ఆ అమ్మాయి.

“కాన్ కీ మశీన్,” అన్నాను నేను.

ఆ అమ్మాయి నవ్వు ఆపేసింది. “వినికిడి పరికరమా? అది వేరే లెక్క ఆంటీ. దానికి జీఎస్‌టీ లేదు. డాక్టరు చీటీ ఉందా? చీటీ, సరైన వివరం నాలుగులోపు ఇస్తే ముంబై పంపుతాను, పార్సిల్ శనివారం వస్తుంది. నాలుగు దాటితే సోమవారం చూస్తారు.”

“ఇప్పుడు కట్టేసి తర్వాత వెనక్కి అడగొచ్చా?”

“అడగొచ్చు. నేనైతే కట్టను,” అంది గొంతు తగ్గించి.

బయటికి వచ్చాక రాజయ్యగారు మెట్ల మీదే ఆగిపోయారు. “కట్టేద్దామమ్మా. సేటు దగ్గర అడ్వాన్స్ తీసుకుంట. పని పోతె ఏం చేస్త?” నేను వద్దన్నాను. అన్నానే గానీ చీటీ దొరక్కపోతే ఏం చేయాలో నాకూ తెలియదు. లక్ష్మికి ఫోన్ చేస్తే, అది తన దగ్గర లేదు, క్లినిక్ ఫైల్లో ఉందంది. క్లినిక్ సలాబత్‌పురాలోనే. మళ్లీ ఎనభై. తీరా వెళితే మధ్యాహ్నం మూత, మూడింటికి తెరుస్తామని బోర్డు.

పక్క బండి దగ్గర సెనగపప్పుతో చేసే సేవ్ ఖమణీ తిన్నాం, ప్లేటు నలభై. బండి ఆయన “మిర్చి వేయనా కాకా?” అని అడిగితే రాజయ్యగారు తలూపారు. నోరు మండి రెండు గ్లాసుల మజ్జిగ తాగాక, “నేను చక్కెర అడిగిండనుకున్న,” అన్నారు. తర్వాత ఖాళీ గ్లాసు చూసుకుంటూ, “మనవరాలు ఫోన్‌ల ఏమంటదో లక్ష్మి చెప్తె వింటనమ్మా,” అన్నారు.

క్లినిక్ మూడుంపావుకు తెరిచారు. కాంపౌండరు చీటీ మీద పరికరం పేరు ఇంగ్లిషులో స్పష్టంగా రాయించి ముద్ర వేసి ఇచ్చేసరికి మూడున్నర దాటింది. తిరుగు ఆటోలో బేరం ఆడలేదు, వంద ఇచ్చి నాలుగుకు పది నిమిషాల ముందు చేరాం. ఆ అమ్మాయి కాగితాలు పంపి, కొత్త లెక్క వచ్చేదాకా కూర్చోమంది. అయిదింటికి వచ్చింది. సుంకం, వాళ్ల రుసుము కలిపి ఎనిమిది వందల అరవై. నా కార్డుతో కట్టి రసీదు తీసుకున్నాను. ఇంటికి చేరేసరికి ఏడు. పప్పు మర్నాడు బాగుచేశాను.

శనివారం పార్సిల్ వచ్చింది, డాక్టరు చెవికి సరిచేసి పెట్టారు. ఇలాంటి పనికి వెళ్లే వాళ్లకు ఒక మాట చెప్పాలి. విదేశం నుంచి ఏం తెప్పించినా మన ఇంట్లో దాన్ని పిలిచే పేరు, పన్ను వేసేవాళ్లు పిలిచే పేరు ఒకటి కావు. మనకు అలవాటైన మాట అవతలివాళ్ల పట్టికలో ఇంకో గదిలో ఉంటుంది. రాజయ్యగారు అబద్ధం చెప్పలేదు, ఆ అమ్మాయి తప్పు రాయలేదు. అయినా ఒక మనిషి పని పోయేదాకా వచ్చింది. రేట్లు మారుతుంటాయి కాబట్టి నా లెక్కను మీ లెక్క అనుకోవద్దు. ఆర్డర్ పెట్టిన రోజే సరుకు అసలు పేరు ఒక కాగితం మీద రాసి, వైద్య పరికరమైతే డాక్టరు చీటీతో కలిపి ఫోన్‌లో ఫోటో ఉంచుకోండి. కొరియర్ వాళ్ల ఫోన్‌కు బాగా వినబడే మనిషి నంబరు ఇవ్వండి.

ఇది రాస్తుండగా, సోమవారం మధ్యాహ్నం, రాజయ్యగారే ఫోన్ చేశారు. ఎప్పుడూ లక్ష్మి చేసేది. గోడౌన్ నుంచి మాట్లాడుతున్నానని, పొద్దున్నుంచి పదకొండు తాకాలు రాశానని చెప్పారు. “పన్ను ఎంత కట్టినరమ్మా? ఫోన్‌లకే పంపుత.” మావారు నైట్ డ్యూటీ చేసి వచ్చి పక్క గదిలో గురకపెట్టి నిద్రపోతున్నారు. అందుకని గొంతు తగ్గించే చెప్పాను, ఆయన డబ్బు లెక్కపెట్టే హిందీలోనే: “ఆఠ్ సౌ సాఠ్.”

“ఆఠ్ సౌ సాఠ్,” అన్నారు ఆయన. “జర మెల్లగ మాట్లాడున్రి అమ్మా, సారు లేస్తడు.”

రాజయ్యగారి బాకీ, ఎనిమిది వందల అరవై: చెల్లు.