పెళ్ళి లైవ్‌లో కనపడని జాకెట్టు

ఎల్బీనగర్‌లో మేముండే రెండు గదుల కిరాయి ఇంట్లో ముందు గది మొత్తం మగ్గానిదే. చెక్క చట్రానికి జాకెట్టు గుడ్డ బిగించి జర్దోసీ, పూసలు, కుందన్లు కుట్టడం నా పని. ఇరవై ఏళ్ళకు పైగా అదే చేస్తున్నాను. అక్షరాలు మాత్రం ఈ మధ్యనే వచ్చాయి. మా చర్చిలో ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట చెప్పే తరగతికి వెళ్ళి, నలభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. తెలుగు ఒక్కటే వచ్చు. అంకెలు అంతకు ముందే వచ్చు. కొలతలు రాసుకోవాలి కదా.

మా గల్లీకి దగ్గర్లో నాలుగంతస్తుల అపార్టుమెంటు ఒకటి ఉంది. అందులో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మేడమ్ ఒకామె చెబితేనే తక్కినవాళ్ళంతా నాకు పని ఇస్తారు. ఆమె మొహం తిప్పుకుందంటే నాలుగంతస్తులూ పోయినట్టే. ఆమె కూతురి పెళ్ళి నెల రోజులుందనగా ఒక వీడియో లింకు పట్టుకుని వచ్చింది. వాళ్ళ తోడికోడలి కూతురి పెళ్ళి అప్పుడు లైవ్‌లో పెట్టిన వీడియో అది.

“ఇదిగో, పెళ్ళికూతురు ఇటు తిరిగినప్పుడు చూడు. వీపు మీద నెమళ్ళు. అచ్చం ఇదే కావాలమ్మా. ఒక్క ఈక కూడా తేడా రాకూడదు.”

“ఆ జాకెట్ ఒక్కరోజు తెప్పియ్యరాదు మేడమ్? చేతిలుంటే గీసుకునుడు నాకు అర్ధగంట పని.”

“అమ్మో! మా తోడికోడల్నా? ‘మా అమ్మాయిదే కావాల్సొచ్చిందా’ అని చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెబుతుంది. ఆవిడకి తెలియకూడదు. వీడియో ఇచ్చాగా, చూసి కుట్టు.”

నా దగ్గర మా బిడ్డ వాడి వదిలేసిన పాత ట్యాబ్ ఒకటి ఉండేది. ఫొటో డిజైన్లు దాంట్లోంచే ఎత్తుకునేదాన్ని. తెర మీద బటర్ పేపర్ పరిచి, అంచులకు టేపు అంటించి, కింద కనిపించే గీతల మీద పెన్సిల్ పోనిస్తే సరిపోయేది. ఈ వీడియోతో ఆ ఆట సాగలేదు. పెన్సిల్ కాస్త ఒత్తితే చాలు, వీడియో ముందుకు ఉరికేది. పెళ్ళికూతురు పోయి పంతులుగారు వచ్చేవారు. వెనక్కి తెచ్చి ఆపితే నెమలి మెడ దగ్గర పచ్చటి మరక తప్ప ఏమీ లేదు. అది జర్దోసీనో పూసలో చెప్పడం నా వల్ల కాలేదు. ఆ మాటే మేడమ్‌తో అన్నాను.

“నీ ట్యాబ్ పాతదమ్మా, అందుకే. మా తమ్ముడి దగ్గర ఫోర్‌కే స్క్రీను ఉంది, వెంట్రుక కూడా లెక్కపెట్టొచ్చు. పని చేసుకునేవాళ్ళు మంచి సామాను పెట్టుకోవద్దూ?”

మా బిడ్డ కూడా ఆమెకే వంత పాడింది. ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాం. షాపతను అద్దంలా మెరిసే పెద్ద ట్యాబ్ ముందు పెట్టి ఒక వీడియో వేశాడు. చిలుక రెక్క విప్పుతుంటే ఈకలు ఒక్కొక్కటి విడివిడిగా కనిపించాయి. ఈకలు ఇంత బాగా కనిపిస్తే నెమళ్ళు కనిపించవా అని నా మనసు జారిపోయింది. అయినా అడిగాను.

“జర మా వీడియో పెట్టు అన్నా, చూస్తా.”

“షాపుల నెట్ స్లో ఉంది ఆంటీ. ఇంటికి పోయి చూస్కోండ్రి. గింత క్లారిటీ మీకు ఇంకెక్కడ దొరకది, పరేషాన్ గాకుండ్రి.”

ఆ షాపు కుర్చీలోంచి లేవకుండా ఉండాల్సింది. నా వీడియో చూపిస్తేనే తీసుకుంటానని అనాల్సింది. ఏ గుడ్డ కొన్నా వెలుతురులో పెట్టి, దారం లాగి చూసేదాన్ని నేను. చిలుకను చూసి ట్యాబ్‌కు డబ్బు కట్టి వచ్చాను.

ఇంట్లో పెడితే అదే పచ్చటి మరక. తెర పెద్దది కాబట్టి మరక కూడా పెద్దదైంది. మా బిడ్డ వంగి చూసి, “అమ్మా, ఒకపారి కండ్లు చూపించుకో. స్క్రీన్‌ది ఏం తప్పు లేదు,” అంది.

“సూదిల దారం ఎక్కియ్యనీకి ఎవల్ని పిలుస్తవే నువ్వు? నన్నే గద!”

దానిమీద అరిచాను గానీ కోపం నామీద నాకే. అంత ఖరీదైన తెర మీద బటర్ పేపర్ పరిచి కూర్చున్నాను. మసక కాగితం అడ్డం పెట్టుకున్నాక వెంట్రుకలు లెక్కపెట్టే తెర ఎందుకు? ఆ సంగతి షాపులో తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ ట్యాబ్‌ను తెలుగులోకి మార్పించుకుని వీడియో మూలనున్న గుర్తును నొక్కాను. ‘నాణ్యత’ అని ఉంది. దాని కింద అంకెలు. అన్నిటికన్నా పెద్దది నాలుగు వందల ఎనభై. ఎవరో వంటల వీడియో పెట్టి అదే చోట నొక్కితే అంకెలు రెండు వేలు దాటి పోయాయి. అంకె పెద్దదైతే బొమ్మ అంత తేటగా తీశారన్నమాట. అప్పుడు పాత ట్యాబ్‌నూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఆ వంట వేశాను. రెంటిలోనూ పోపులో ఆవాలు చిటపటమన్నాయి. రెంటిలోనూ కరివేపాకు ఈనె కనిపించింది. మోచేతి దూరంలో పట్టుకుని చూస్తే నా కళ్ళకు తేడా ఏమీ తెలియలేదు. మా బిడ్డ కళ్ళకూ తెలియలేదు, ఒప్పుకోలేదంతే. పెళ్ళి వీడియో పెడితే రెంటిలోనూ మరకే. తీసినప్పుడు లేనిది తెర ఎక్కడి నుంచి తెస్తుంది?

మేడమ్‌కు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను.

“అవన్నీ నీకేం తెలుస్తాయమ్మా? మా తమ్ముడు ఇంజనీరు. నీకు చేతకాకపోతే చెప్పు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇచ్చుకుంటాను. మా అపార్టుమెంటు వాళ్ళందరికీ నీ పేరే చెప్పాను, నా పరువు తియ్యకు.”

ఫోన్ పెట్టేశాను. చదివి చెప్పినా వినలేదన్న ఉక్రోషం ఒకటి, నాలుగంతస్తుల భయం ఒకటి.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. గీసుకున్న డిజైన్ కాగితానికి గీత పొడవునా సూదితో బెజ్జాలు పొడుస్తాం. దాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన తెల్ల పొడిని రుద్దితే బెజ్జాల్లోంచి డిజైన్ గుడ్డ మీదికి దిగుతుంది. జాకెట్టు వెళ్ళిపోయినా ఆ కాగితం పనివాడి దగ్గరే ఉండిపోతుంది. తోడికోడలి వాళ్ళది కర్మన్‌ఘాట్ అని మేడమే ఒకసారి అంది. జాకెట్టు కూడా అక్కడే ఎవరో కుట్టి ఉంటారనిపించింది. బస్సెక్కి వెళ్ళి మగ్గాలున్న ఇళ్ళన్నీ అడుగుతూ పోయాను. మూడో ఇంటి అన్న తల ఎత్తకుండానే మూలనున్న కాగితాల కట్ట చూపించాడు.

“యాడాది కాగితాలు గా కట్టలనే ఉన్నయ్ అక్కా. మూలకు రాసుంటది, చదువుకో. నాకు టైమ్ లేదు.”

చదువుకున్నాను. కట్టలో సగం దాటాక ఒక మూలన ‘పెళ్ళి, వీపు, జంట నెమళ్ళు’ అని, పక్కన మేడమ్ వాళ్ళ ఇంటిపేరే ఉన్నాయి. మెడకు ఏ పూస, తోకకు ఏ తీగ అన్నది కూడా రాసుకున్నాడు పుణ్యాత్ముడు.

“తీస్కపోనా అన్నా?”

“తీస్కపో. పెండ్లయిపాయె, పిల్ల అత్తగారింటికి బాయె, గా కాగితం నేనేం జేసుకుంట?”

పన్నెండు రోజులు కుట్టాను. అనుకున్న వేళకే ఇచ్చాను. మేడమ్ జాకెట్టును సోఫా మీద పరిచి, ఫోన్‌లో పెళ్ళి వీడియో ఆపి, అటూ ఇటూ చూసింది. ఆ ఫోన్‌లో ఉన్నదీ పచ్చటి మరకే. దాన్ని చూసి ఏం పోల్చుకుందో ఆమెకే తెలియాలి.

“అచ్చు గుద్దినట్టుంది! చూశావా మరి, కొత్త స్క్రీను కొన్నాక ఎంత శుభ్రంగా కనిపించిందో. నేను ముందే చెప్పానా లేదా?”

కర్మన్‌ఘాట్ మాట నోటి చివరిదాకా వచ్చింది. చెబితే తోడికోడలి చెవిన పడిందేమోనని ఆమె గుండె ఆగిపోతుంది, నా పనీ ఆగిపోతుంది. చెప్పకపోతే ఆ మెచ్చుకోలు ట్యాబ్‌కు పోతుంది. “మీరు చెప్పిన్రు మేడమ్,” అని మెట్లు దిగాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నామీద నాకు మంటే.

వారం తిరక్కుండా మూడో అంతస్తు ఆమె ఇంకో పెళ్ళి లింకు పంపి ఫోన్ చేసింది. “నీ దగ్గర పెద్ద క్లారిటీ స్క్రీను ఉందటగా? ఈ జాకెట్టు చేతుల డిజైను చూసి కుట్టిపెట్టు.”

లింకు తెరిచి ముందు నాణ్యత నొక్కాను. మూడు వందల అరవై.