ఆలస్యం మామది కాదు

నా చిన్నప్పుడు ఇంట్లో ఏది పగిలినా పిల్లి మీదికి నెట్టేసేవాణ్ణి. మా అమ్మ వీపు వాయగొట్టినా ఆ బుద్ధి పోలేదు. ముప్పై దాటాక, సౌదీలోని జుబైల్ చేపల రేవులో, ఒక పెద్దాయన వల్ల పోయింది. ఆయన శ్రీకాకుళం వైపు సముద్రం మనిషి. మామా అని పిలిచేవాణ్ణి. మా ఊళ్లో అందరికీ ఆయన, పడవను రుద్ది రుద్ది రొయ్యల సీజన్ పోగొట్టిన చాదస్తపు ముసలాయనగానే తెలుసు. అలా చెప్పి నవ్వించింది నేనే. అది నిజం కాదు.

నాది జగిత్యాల. దమ్మామ్‌లో కార్లకు రంగు కొట్టేవాణ్ణి. సౌదీవాళ్లకే ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ రూలు వచ్చి, మా షెడ్డు ఎరుపు జాబితాలో పడగానే పనివాళ్లమంతా చెల్లాచెదురయ్యాం. నాకు జుబైల్‌లో ఒక పడవ యజమాని దగ్గరికి నకల్, అంటే వీసా బదిలీ, దొరికింది. ఆయనకు ఉన్నది ఒక పాత ఫైబర్ పడవ, మామ, నేను. పనివాడి తలకింత అని సర్కారుకు కట్టే లెవీ పెరగడంతో ఆయన ముందే తేల్చి చెప్పాడు. సీజన్ తెరిచేనాటికి పడవ రంగు వేసుకుని నీళ్లలో ఉండాలి. లేకపోతే ఇద్దరిలో ఒకరికే ఇఖామా, అక్కడ ఉండి పని చేసుకునే కార్డు. రంగు డబ్బాలు కూడా అరకొరగానే ఇచ్చాడు. మామకు ఇంకో రెండు సీజన్లు కావాలి. ఊళ్లో పరాయి పడవ మీద వాటాకు వెళ్లే కొడుకులకు సొంత పడవ కొనివ్వాలని ఆయన ఆశ.

ఆయనతో పని చేయడం కంటే ఆ ఎండలో ఒంటికాలి మీద నిలబడటం నయం. సబ్బునీళ్లతో కడిగేవాడు, థిన్నర్‌తో తుడిచేవాడు, ఎమ్రీ కాగితంతో రుద్దేవాడు. అంతా అయ్యాక మగ్గుతో నీళ్లు చల్లి, పడవకు చెంప ఆనించి చూసేవాడు. నీళ్లు చుక్కలు చుక్కలుగా విడిపోతే చేపల నూనె ఇంకా ఉన్నట్టే. మళ్లీ సబ్బు.

"ఇంకెంత రుద్దుతవ్ మామా? ఇది పడవనా, పెండ్లి పిల్లనా?"

"పెళ్లికూతురికైతే ఒక్క పూటే ముస్తాబురా. ఇది రోజూ ఉప్పునీట్లో ఉండాల. రుద్దు."

"మా కార్లకు గిట్ల చేస్తే ఓనర్ ఉరికిచ్చి కొడ్తడు."

"నీ కారు సంద్రంలోకి ఏటకెల్తాదేటి?"

ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే నా ఓపిక తీరిపోయింది. ఆయన ఇంకా చెయ్యి పెట్టని ఎడమ పక్కంతా స్ప్రే గన్‌తో కొట్టేశాను. మండే ఎండలో, కడగకుండా, కారుకు కొట్టినంత నున్నగా. అద్దంలా మెరిసింది. సాయంత్రానికి పొంగులు లేచాయి. గోరు పెట్టి లాగితే పాము కుబుసంలా మూరెడు పొర ఊడి వచ్చింది. తిట్లు తినడానికి సిద్ధపడ్డాను. మామ ఆ పొరను నా నెత్తిన పెట్టి, "పాగా బాగున్నాదిరా" అన్నాడు. నాకు ఇంకా ఒళ్లు మండింది.

అంతా గీకి మళ్లీ మొదలుపెట్టాం. రంగు చాలలేదు. మామ రేవంతా తిరిగి, ఒక్కో పడవ దగ్గరా డబ్బా అడుగున మిగిలింది అడిగి తెచ్చి కలిపాడు. వచ్చిన రంగు ఆకుపచ్చా కాదు, నీలమూ కాదు. మేము చివరి పూత వేస్తుండగానే మిగతా పడవలు వేటకు వెళ్లిపోయాయి.

కఫీల్, అదే మా పడవ యజమాని, వచ్చాడు. "లేష్ తాఖీర్?" అన్నాడు. ఆలస్యం ఎందుకని.

మామ నా వైపు చూశాడు. మనిషి నోరు తెరవడానికి ఎంత సేపు కావాలో అంత సేపూ చూశాడు. నేను తల వంచుకుని బ్రష్ కడుగుతూ ఉండిపోయాను. "షుగుల్ వాజిద్" అని చివరికి ఆయనే చెప్పాడు, పని ఎక్కువైందని. ముసలివాడు, చెయ్యి నెమ్మది అని కఫీల్ అనుకున్నాడు. ఆ నెలలోనే మామకు ఖురూజ్ కొట్టించాడు, ఇక తిరిగి రాకుండా ఊరికి పంపేసే ముద్ర. నాకు ఇఖామా వచ్చింది.

బయల్దేరే రోజు మామ పెట్టె నేనే మోశాను. కారెక్కుతూ ఆయన అన్నాడు: "నాను సెప్పలేక కాదురా. నువ్వు సెప్తావని సూసినాను."

ఆయన కొడుకులు ఇవాళ్టికీ పరాయి పడవ మీదే వెళ్తున్నారని విన్నాను. నాకిప్పుడు ఊళ్లో సొంత షెడ్డు ఉంది. ఎవరైనా వచ్చి ఎందుకు లేటైందని అడిగితే, నా పనివాళ్లు తలెత్తే లోపే "నా వల్లనే" అనేస్తాను. ఒక్కోసారి నా వల్ల కాకపోయినా అంటాను. ఆ రెండు మాటలు అంత తేలిగ్గా వస్తాయి ఇప్పుడు. రావలసిన రోజున మాత్రం రాలేదు.