సీతాలు ఉన్న పేజీ

2022 జూన్. అప్పటికి చోడవరంలో ఒక మిషన్ స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుండేదాన్ని. ఆ ఏడాది హైదరాబాదులోని ఒక చిన్న ప్రచురణ సంస్థ ఆదివాసీ పిల్లల కోసం కొన్ని పుస్తకాలు తలపెట్టింది. అట్ట మీద థింసా నృత్యం చేసే బొమ్మ, లోపల నగలు, పండగలు ఉన్న పుస్తకాలు చాలానే ఉన్నాయి. మీ తాతలు ఎక్కడ బతికారు, అక్కడి నుంచి ఎందుకు దిగివచ్చారు అని చెప్పేవి మాత్రం కనబడవని సంపాదకురాలు సుధగారి బాధ. అందుకే ఏ ఊరి కథ ఆ ఊరి పెద్దవాళ్లే చెప్పాలని నిర్ణయించారు.

నాకు వచ్చిన కథ దేవరాపల్లి దాటాక కొండ అంచున ఉన్న ఒక కొండదొర తెగవాళ్ల ఊరిది. చెప్పింది ముత్తెమ్మ. డెబ్భై దాటిన మనిషి. ఆమె మాటల్ని సుధగారు ఫోనులో రికార్డు చేసుకుని వెళ్లి, కథగా రాసి నాకు పంపారు. రెండు కొండల నడుమ పాత ఊరు, పోడు కొట్టి పండించిన సామలు, చోళ్లు, ఎండాకాలంలోనూ ఆగని ఊట. ఆనకట్ట కడతారు, ఇక్కడికి నీరొస్తుంది అన్నాక ఊరంతా గంపలెత్తుకుని దిగిరావడం. చదువుతుంటేనే బొమ్మలు కళ్ల ముందుకొచ్చాయి.

మా పనిలో ముందు డమ్మీ చేస్తాం. తెల్లకాగితాలు మడిచి కుట్టి, పెన్సిల్ బొమ్మలతో తయారుచేసే నమూనా పుస్తకం అది. ఎదురెదురు పేజీలు రెండింటినీ కలిపి ఒకే బొమ్మ వేస్తే స్ప్రెడ్ అంటాం. ఈ పుస్తకానికి ప్రాణం లాంటి స్ప్రెడ్ ఆ దిగిరావడమే. సుధగారు రాసిన వాక్యం ఇది: "నెత్తిన గంపతో, సంకలో పిల్లాడితో కొండ దిగాను." అలాగే గీశాను.

ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక డమ్మీ పట్టుకుని బస్సెక్కాను. దేవరాపల్లిలో ముత్తెమ్మ కొడుకు పెంటయ్య మోటారు సైకిలుతో ఎదురొచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, క్రషింగ్ సీజనులో గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు ట్రాక్టరు తోలుతాడు. మాటకారి. దారి పొడుగునా నవ్విస్తూనే ఉన్నాడు.

ముత్తెమ్మ అరుగు మీద విస్తళ్లకి అడ్డాకులు కుడుతోంది. నేను ఒక్కో పేజీ చదువుతుంటే తల ఊపుతూ విన్నది. ఊట బొమ్మ చూసి, "అక్కడే, అక్కడే" అంది. స్ప్రెడ్ తెరిచేసరికి చేతిలో ఆకు ఆగిపోయింది.

"ఈడెవుడు?" అని అడిగింది.

"మీ పెంటయ్యేనమ్మా. సంకలో ఎత్తుకుని దిగేనన్నావు కదా."

"ఈడప్పటికి పుట్టనేదు. గుంటతోటి దిగేనని సెప్పేను నాను."

మా వైపు గుంట అంటే ఆడపిల్ల. హైదరాబాదు నుంచి వచ్చిన సుధగారు దాన్ని పసిబిడ్డ అనుకున్నారు. ఇంట్లో కొడుకొక్కడే కనబడితే పిల్లాడని రాశారు.

స్తంభానికి ఆనుకుని నిలబడ్డ పెంటయ్య ముందుకు వచ్చాడు. "ఏ గుంటమ్మా?"

ముత్తెమ్మ అతని వైపు చూడలేదు. బొమ్మనే చూస్తూ చెప్పింది. "నీకు ముందు పుట్టినాది. దిగినప్పుడు వాన. దానికి జొరం. గెడ్డ నీల్లు దాటినాక సూస్తే ఒళ్లు సల్లబడిపోనాది. ఆల్లందరూ ముందర నడుస్తన్నారు. నాను సెప్పనేదు. సెప్తే దింపమంటారని అలాగే మోసేను. ఆకరికి మీ అయ్యే సూసేడు. ఇప్పచెట్టు కింద కప్పెట్టేడు."

పెంటయ్య చాలా నెమ్మదిగా అడిగాడు. "అందుకేనేటి నాకీ పేరు?"

ఒక బిడ్డ పోయాక పుట్టినవాణ్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, అక్కడ దొరికినట్టుగా ఎత్తుకొచ్చి ఆ పేరు పెడతారు. మృత్యువు కన్ను పడకూడదని. బడిలో ఆ పేరుకి పిల్లలు నవ్వేవారని అతనే దారిలో నాకు సరదాగా చెప్పాడు.

"మరి ఇన్నేళ్లూ ఎందుకు సెప్పనేదు?"

"నువ్వు పుట్టినాక ఆ మాట ఎత్తొద్దన్నాడు మీ అయ్య. ఆడు పోయేడు. ఎవులికి సెప్పాలి?"

పెంటయ్య నా వైపు తిరిగాడు. "టీచరు గోరూ, ఇది పుస్తకంలో వద్దండి. నా పిల్లలు బళ్లో అందరి ముందరా ఇది సదవాలేటి? గంపొక్కటే గీయండి."

ముత్తెమ్మ మళ్లీ ఆకు అందుకుంది. వెనక్కి వచ్చేటప్పుడు నన్ను బస్సు దగ్గర దింపి, అతను వెంటనే బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే సుధగారికి ఫోన్ చేశాను. పొరపాటు తెలిసి చాలాసేపు నొచ్చుకున్నారు. "పిల్లల పుస్తకంలో చావు ఉండకూడదని నేను అనను. కథ ఆవిడది. కానీ కొడుకు వద్దంటుంటే ఆ ఇంట్లో చిచ్చుపెట్టి పుస్తకం వేయలేం కదండీ" అన్నారు. కాదనలేకపోయాను.

పిల్ల లేకుండా స్ప్రెడ్ మళ్లీ గీశాను. తల మీద గంప, వాన, జారే బాట. అన్నీ కుదిరాయి గానీ ఆమె ఎడమచేయి కుదరలేదు. కిందికి వేలాడదీస్తే అబద్ధంలా ఉంది. గంప మీద పెడితే ఇంకా అబద్ధంలా ఉంది. చెరిపి చెరిపి కాగితం నలిగిపోయింది.

కొన్నాళ్లకి పెంటయ్య చోడవరంలో మా ఇంటికే వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పైకెల్లేనండి, పాత దారెంబడి" అన్నాడు.

"ఇప్పచెట్టు ఉందా?"

"నేదు. రాళ్లున్నాయి. ఏ రాయి దగ్గరో తెలీదు." కాస్త ఆగి, "అమ్మ నాతో మాటాడతంది గానీ ఆ ఊసు తేవట్లేదండి. నానొద్దన్నానని. మా అయ్య అన్న మాటే నానూ అన్నాను. మళ్లీ గీయండి. దాని పేరు సీతాలంట, ఊళ్లో ముసలోల్లనడిగితే సెప్పేరు. మొకం గీయగలరేటి?" అని అడిగాడు.

మొహం అమ్మే చెప్పాలి అన్నాను. మరుసటి ఆదివారం మళ్లీ ఆ అరుగు మీద కూర్చున్నాం. కళ్లు ఎలా ఉండేవి, జుట్టు ఎలా ఉండేది అని అడిగాను. ముత్తెమ్మ చాలాసేపు ఆలోచించింది.

"మొకం గురుతు నేదు, టీచరమ్మా" అంది చివరికి. ఆ మాట చెప్పడానికి ఆమెకు ఎంత కష్టమైందో చూశాను. ఎడమ నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "బరువు గురుతుంది."

అక్కడే, ఆమె ముందే గీశాను. ఒక పక్కకు ఒరిగిన నడుము, దిగజారిన భుజం, ఆ బరువుకి తూగడానికి రెండో వైపు వంగిన గంప. పిల్ల మొహం తల్లి మెడలో దాగి ఉంది. జుట్టూ, వేలాడే చిన్న పాదమూ మాత్రమే కనబడతాయి. ముత్తెమ్మ కాగితం మీద వేలు పెట్టి, "ఇటేపు ఇంకా వొంగాలి. నడవనేకపోయేను కదా" అంది. ఇంకొంచెం వంచాను. "ఇదే" అంది. పెంటయ్య లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

సుధగారు వాక్యం మార్చారు. ఏ అలంకారమూ లేకుండా, ముత్తెమ్మకి ఫోనులో చదివి వినిపించి ఖాయం చేశారు. "నా కూతురు సీతాలు దారిలో చనిపోయింది. దాన్ని కొండ మీదే ఉంచి దిగాను."

చలికాలంలో పుస్తకాలు అచ్చయి వచ్చాయి. ఒక కట్ట పట్టుకుని నేనే వెళ్లాను. ముత్తెమ్మకి చదువు రాదు. ఊళ్లో పిల్లలంతా అరుగు చుట్టూ మూగితే, తల్లి పక్కన కూర్చుని పెంటయ్యే కూడబలుక్కుంటూ చదివాడు. స్ప్రెడ్ దగ్గరకొచ్చి ఆగాడు. అచ్చులో "నా కూతురు సీతాలు" అని ఉంది. అతను "మా అప్ప సీతాలు" అని చదివాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. ముత్తెమ్మ అతని మోకాలి మీద చెయ్యి వేసి, పుస్తకం అయిపోయేదాకా తీయలేదు.

ఆ తర్వాత చాలా ఊళ్ల పెద్దవాళ్ల కథలకు బొమ్మలు వేశాను. ప్రతి డమ్మీనీ కథ చెప్పిన వాళ్ల ఇంటికే తీసుకెళ్లి చదువుతున్నాను. అయితే అప్పట్లోలా "అది ఎలా ఉండేది?" అని మొదలుపెట్టను. "నీకు ఏటి గురుతుంది?" అని అడిగి, పెన్సిలు కింద పెట్టి కూర్చుంటాను.