ఎత్తు వచ్చిన చోటల్లా చరిత్ర పాఠం

ఆ ఉదయం నారాయణగూడలో కూరగాయలు కొని, చిక్కడపల్లిలోని మా ఇంటికి నడిచి వస్తున్నాను. సగం దారిలో ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కినట్టయింది. ఎడమ దవడ లాగింది. సంచి కింద పెట్టి నిలబడగానే తగ్గిపోయింది. గ్యాస్ అనుకున్నాను. సోడా తాగితే త్రేన్పు వచ్చింది. దాంతో రోగ నిర్ధారణ పూర్తయిపోయింది.

అప్పట్లో నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుండేవాణ్ణి. ఆ నెలలోనే విద్యార్థులను స్కాట్లాండ్‌కు స్టడీ టూర్ తీసుకెళ్లాలి. తోడు రావాల్సిన లెక్చరర్‌కు వీసా రాలేదు. నేను ఆగితే ప్రయాణమే ఆగుతుంది. అందుకే నొప్పి సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

ఎడిన్‌బరోలో కోట దాకా రోడ్డంతా ఎత్తే. పిల్లలకంటే ముందు నేనే పైకి చేరానని మా వీధిలో చాలామందికి చెప్పాను. మీకు మాత్రం నిజం చెబుతాను: అందరికంటే చివర చేరాను. కాస్త ఎక్కగానే ఛాతీ పట్టేసేది. ఊరికే ఆగితే పిల్లలకు తెలిసిపోతుందని, ఆగిన చోటల్లా ఏదో ఒక పాత గోడ చూపించి పాఠం మొదలుపెట్టేవాణ్ణి. పట్టు సడలేదాకా రాజులు యుద్ధం చేసేవారు. సడలగానే సంధి కుదిరేది. పిల్లలు శ్రద్ధగా రాసుకునేవారు. అందులో సగం నేను అక్కడికక్కడ అల్లినవే.

శ్రావణి అనే నల్లకుంట అమ్మాయి మాత్రం రాయడం మానేసి నా మొహమే చూస్తోంది.

"సార్, మీరు ఎక్కేటప్పుడే ఆగుతున్నరు. దిగేటప్పుడు ఒక్క రాజు గూడ యాదికొస్తలేడా?"

"దిగేటప్పుడు చరిత్ర ఉండదమ్మా."

"మజాక్ వద్దు సార్. మీకేమన్న అయితే మేం ఎవరికి ఫోన్ చెయ్యాలె? మీరు ఏం గోలీలు వేసుకుంటరో గూడ మాకు ఎరకలేదు."

గోడ వదిలేసి అక్కడే కూర్చుని, ఛాతీ పట్టేస్తోందని చెప్పాను. దవడ సంగతి కూడా చెప్పేశాను.

అక్కడి ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, గుండె దెబ్బతిందేమో చూసే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేశారు. గుండెపోటు ఇంకా రాలేదన్నారు. మాత్రలు, నాలుక కింద కొట్టుకునే స్ప్రే ఇచ్చి, ఎత్తులు ఎక్కొద్దన్నారు. మిగిలిన రోజులు పిల్లలను అక్కడి యూనివర్సిటీవాళ్లే తిప్పారు. నేను బెంచీల మీద కూర్చుని కాపలా కాశాను.

హైదరాబాద్ చేరగానే యాంజియోగ్రామ్ చేశారు. డాక్టర్ తెర మీద చూపించారు. "ఎల్ఏడీలో, అంటే గుండెకు రక్తం అందించే పెద్ద నాళంలో, బ్లాక్ ఉంది మాస్టారూ. నడిస్తే వచ్చి ఆగితే పోయేది యాంజైనా. మీరు నడుస్తున్నారో కూర్చున్నారో గ్యాస్‌కు తెలీదు."

"సోడాలు తాగుకుంట, నాకొక్క ముక్క చెప్పకుండ దేశం దాటి పోయొచ్చిన్రు డాక్టర్ గారూ," అంది మా ఆవిడ. ఆ నాళంలో స్టెంట్ వేసిన నొప్పికంటే ఆ మాటే ఎక్కువ రోజులు గుచ్చింది.

కొన్నాళ్లకు శ్రావణి పోటీ పరీక్షల కోచింగ్‌కు అశోక్ నగర్‌లో చేరింది. సాయంత్రాలు నా వాకింగ్‌లో కలిసేది. రోడ్డు కాస్త ఎత్తు తగిలితే చాలు, "సార్, ఇక్కడేమన్న చరిత్ర ఉన్నదా?" అని ఎగతాళి.

"లేదమ్మా, ఉత్త టిఫిన్ సెంటరే."

ఒక సాయంత్రం ఆమె అలాగే అడిగింది. ఛాతీ మీద మళ్లీ ఆ చెయ్యి. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ ఆ ఆపరేషన్ బల్ల, గుమ్మంలో మా ఆవిడ మొహం, అన్నీ కళ్లముందు మెదిలాయి. లేదు అనే మాట నోటిదాకా వచ్చింది.

"ఉందమ్మా," అన్నాను.

ఆమె నవ్వలేదు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి ఆటో ఆపింది. వేసిన స్టెంటే మళ్లీ ఇరుకయిందట. "ఆలస్యం చేయకుండా వచ్చారు, బతికిపోయారు," అన్నారు డాక్టర్. ఆసుపత్రిలోకి దర్జాగా నడిచి వెళ్లానని చెప్పుకుంటుంటాను. స్ట్రెచర్ మీద వెళ్లాను.

ఇప్పుడు మాత్రలు మానకుండా వేసుకుంటున్నాను. రోజూ మెల్లగా నడుస్తున్నాను. ఆగాలనిపిస్తే ఉత్తినే ఆగుతున్నాను, ఏ గోడా చూపించకుండా.

పదిమందిని వెంటబెట్టుకుని దూరం వెళ్లేవారికి ఒక్క మాట. మీ జబ్బేమిటో, మీ మాత్రలు ఎక్కడున్నాయో, ఎవరికి ఫోన్ చేయాలో బయల్దేరే ముందే ఆ పదిమందిలో ఒకరికి చెప్పండి. మీ మాటలకు అందరూ నవ్వుతుంటే, నవ్వకుండా మీ మొహం చూసేవాళ్లు ఒకరుంటారు. వాళ్లకు చెప్పండి.